పాటు వేళ రాతి మీది కాపురాలు

సభలోని పెద్దలకు, విద్యార్థులకు, పొద్దున్నే వేట ముగించుకుని శ్రమపడి ఇక్కడికి వచ్చిన మత్స్యకార మిత్రులకు నమస్కారం.

జంతువులు ఒక ఆవరణ వ్యవస్థలో ఒకదానితో ఒకటి ఎలా మెలుగుతాయో, ఎలా బతుకుతాయో చెప్పమని నన్ను పిలిచారు. ఈ మాట వినగానే మనలో చాలామందికి అడవి గుర్తుకు వస్తుంది. పులి, జింక, గడ్డి, వాటిని కలుపుతూ పాఠ్యపుస్తకంలో గీసిన బాణం గుర్తులు కళ్ళ ముందు మెదులుతాయి. మన విశాఖపట్నానికీ అడవి ఉంది. కంబాలకొండలో చిరుతలు, దుప్పులు, అడవిపందులు ఇప్పటికీ తిరుగుతున్నాయి. అయినా ఈ సాయంత్రం మిమ్మల్ని అక్కడికి కాకుండా తెన్నేటి పార్కు కింద అలలు కొట్టుకునే నల్లరాళ్ళ దగ్గరికి తీసుకువెళ్ళాలనుకుంటున్నాను. అడవిలో ఒక ప్రాణి మరొక ప్రాణిని తినడం కళ్ళారా చూడాలంటే ఏళ్ళు పట్టవచ్చు. రాతి మీద అయితే ఓపికగా కూర్చున్నవారికి ఒక పాటు సమయంలోనే, అంటే సముద్రం ఒకసారి వెనక్కి తగ్గి ఉండే వేళలోనే, అది కనిపిస్తుంది. పైగా అక్కడి ప్రాణుల్లో చాలావరకు కదలవు కాబట్టి ఎవరు ఎక్కడ ఉన్నారో లెక్కపెట్టవచ్చు, మళ్ళీ నెలకు వచ్చి ఎవరు మిగిలారో చూడవచ్చు.

ఆటుపోట్ల గురించి జాలరిపేట పెద్దలకు నేను చెప్పనక్కరలేదు. విద్యార్థుల కోసం ఒక్క మాట చెప్పి ముందుకు వెళతాను. మన తీరంలో రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు వస్తాయి, ఈరోజు వచ్చిన వేళకన్నా రేపు సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తాయి. అమావాస్య, పౌర్ణమి దాటిన ఒకటి రెండు రోజుల్లో పోటుకూ పాటుకూ మధ్య తేడా ఎక్కువై మన దగ్గర సుమారు ఒకటిన్నర మీటరు దాకా ఉంటుంది, అష్టమి నాటికి బాగా తగ్గిపోతుంది. నేను మాట్లాడబోయే లోకంలో ఎక్కువ భాగం ఆ ఒకటిన్నర మీటరు ఎత్తులోనే ఇమిడి ఉంది.

పాటు వేళ ఆ రాళ్ళను కాస్త దూరం నుంచి చూస్తే గోడకు అడ్డంగా రంగు పట్టీలు వేసినట్టు కనిపిస్తాయి. అన్నిటికన్నా పైన, అలల తుంపర మాత్రమే తగిలే చోట, మిరియపు గింజంత నత్తలు పగుళ్ళలో దూరి ఉంటాయి. వాటికింద తెల్లని గరుకు పట్టీ, దానికింద రాతికి అతుక్కుపోయిన ఆలిచిప్పలు, ఇంకా కిందికి దిగితే పచ్చని నాచు, చేత్తో తాకితే మెత్తగా జారే జోయాంథిడ్ల (గుంపుగా పెరిగే మెత్తని చిన్న జంతువుల) తివాచీ, నీరు ఎప్పుడూ నిలిచి ఉండే గుంటల్లో పువ్వుల్లా కనిపించే జంతువులైన సముద్ర పుష్పాలు, సముద్రపు ముళ్ళకాయలు ఉంటాయి. ఈ పట్టీలను ఎవరు గీశారన్నదే నా ప్రశ్న. ఎండను, ఉప్పును, అలను ఎవరు ఎంత ఓర్చుకోగలరో దాన్నిబట్టి ఎవరి చోట వారు చేరారని నేనూ చాలా ఏళ్ళు పిల్లలకు చెప్పాను. అది సగమే నిజం. మిగిలిన సగం ఏమిటంటే, ఆ రాతి మీద ప్రతి ప్రాణి చోటునూ దాని పక్కనున్న ప్రాణులు కూడా నిర్ణయిస్తాయి. దాన్ని నెట్టేవీ, దాన్ని తినేవీ, దానికి నీడనిచ్చేవీ కలిసి దానికి ఎంత జాగా మిగల్చాలో తేలుస్తాయి.

తెల్లని పట్టీతో మొదలుపెడతాను. పడవ అడుగున గట్టిగా అంటుకుని, ఒడ్డుకు లాగి గీరితే తప్ప వదలని తెల్లని పెంకులు మత్స్యకారులందరికీ తెలుసు. శాస్త్రంలో వాటిని బార్నకిల్స్ అంటారు. చూడటానికి చిప్ప జాతిలా ఉన్నా అది రొయ్యకూ పీతకూ చుట్టం. గుడ్డు నుంచి వచ్చిన పిల్ల కంటికి ఆననంత చిన్నదిగా నీటిలో ఈదుతూ పెరుగుతుంది. చివరి దశకు వచ్చేసరికి తిండి పూర్తిగా మానేసి, చోటు వెతుక్కోవడమే పనిగా పెట్టుకుంటుంది. ఈ వెతుకులాటలో తన జాతి పెద్దలు ఇప్పటికే స్థిరపడిన రాతిమీదకే ఎక్కువగా మొగ్గుతుంది. అక్కడ ఒకరు బతికారంటే అక్కడ బతకవచ్చని అర్థం. పైగా ఒకసారి అంటుకున్నాక లేచి వెళ్ళి జతను వెతుక్కోవడం కుదరదు కాబట్టి పొరుగు చేతికి అందేంత దగ్గరగా ఉండాలి. చోటు నచ్చాక తల దగ్గర ఊరే జిగురుతో తలకిందులుగా అతుక్కుని, చుట్టూ సున్నపు గోడలు కట్టుకుని, ఇక బతికినన్నాళ్ళూ ఈకల్లాంటి కాళ్ళను బయటికి చాచి నీటిని దువ్వుకుంటూ తింటుంది. చార్లెస్ డార్విన్ అంతటివాడు 1846 నుంచి 1854 వరకు 8 ఏళ్ళు ఈ చిన్న ప్రాణుల మీదే కూర్చున్నాడు. ఆ ఎనిమిదేళ్ళు వృథా అనుకునేవారు ఒక భూతద్దం పట్టుకుని ఒక్క బార్నకిల్‌ను చూస్తే మనసు మార్చుకుంటారని నా నమ్మకం.

ఈ ప్రాణులతోనే జోసెఫ్ కానెల్ అనే శాస్త్రవేత్త స్కాట్లాండ్‌లోని మిల్‌పోర్ట్ తీరంలో ఒక పని చేసి, ఫలితాలను 1961లో ప్రచురించాడు. అక్కడ రెండు జాతుల బార్నకిల్స్ ఉన్నాయి. చిన్న జాతి రాతి పైభాగంలో, పెద్ద జాతి కిందిభాగంలో ఉండేవి. చిన్నవాటికి పైభాగమే ఇష్టమని అందరూ అనుకునేవారు. కానెల్ చిన్న జాతి అంటుకున్న రాళ్ళను కిందికి మార్చి, కొన్నింటి చుట్టూ పెద్ద జాతిని గీరి తీసేసి, మరికొన్నింటిని అలాగే వదిలి, నెలల తరబడి ఒక్కొక్క పెంకును గుర్తుపెట్టుకుని లెక్కించాడు. పెద్దవి లేనిచోట చిన్నవి కిందిభాగంలోనూ హాయిగా బతికాయి. పెద్దవి ఉన్నచోట అవి చిన్నవాటి మీదికి ఎక్కి, కిందికి దూరి, పక్కనుంచి పెళ్ళగించి చంపేశాయి. అంటే చిన్న జాతి పైన ఉండటానికి కారణం ఇష్టం కాదు. ఎండకు ఓర్చుకునే శక్తి ఉండటం వల్ల, పెద్దది రాలేని చోట అది తలదాచుకుంది. పై హద్దును ఎండ గీసింది, కింది హద్దును పొరుగు గీసింది. అదే తీరంలో పెద్ద బార్నకిల్స్‌ను తినే ఒక నత్త ఉంది. దాన్ని పంజరాలు పెట్టి రాకుండా చేసినచోట పెద్దవి మరింత కిక్కిరిసి పెరిగాయని కూడా ఆయన చూశాడు. మన రాళ్ళ మీద కూడా బార్నకిల్స్ మధ్య, ఆలిచిప్పల మధ్య బొడిపెలున్న మొరటు పెంకు నత్తలు కనిపిస్తాయి. అవి నాచు మేసేవి కావు; ఎదుటి పెంకుకు రంధ్రం చేసి లోపలి మాంసాన్ని తినేవి. ఆలిచిప్పను కొట్టి తీసేటప్పుడు ఒక్కోసారి గుండ్రని సన్నని రంధ్రంతో ఖాళీ చిప్పలు దొరుకుతాయి కదా, అవి వీటి పనే.

తినేవాడు తినబడేవాడికి శత్రువే, అందులో సందేహం లేదు. అయితే ఆ రాతి మీద ఉన్న మిగతావారికి అతడు ఏమవుతాడన్నది వేరే ప్రశ్న. దానికి జవాబు అమెరికా పశ్చిమ తీరంలో, వాషింగ్టన్ రాష్ట్రంలోని మకా బే దగ్గర దొరికింది. రాబర్ట్ పెయిన్ అనే ఆయన అక్కడి రాళ్ళ మీద ఉండే ఒక పెద్ద నక్షత్ర చేపను ఒక చిన్న మేరలో ఏరి సముద్రంలోకి విసిరేస్తూ, పక్కనే ఉన్న మరొక మేరను ముట్టుకోకుండా వదిలేశాడు. ఆ నక్షత్ర చేప ప్రధాన ఆహారం రాతికి గుత్తులుగా అంటుకునే మసెల్ అనే చిప్పలు. వాటిని తినేది లేకపోయేసరికి అవి కిందికి పాకి, రాతినంతా ఆక్రమించి, బార్నకిల్స్‌ను, నాచును, మిగతా నత్తలను తోసేశాయి. మొదట 15 జాతులున్న చోట 8 మిగిలాయి. 1966లో ఈ ఫలితాలు వచ్చాయి. 1969లో ఆయన ఇటువంటి ప్రాణికి కమాను నడిమి రాయి (కీస్టోన్) పేరు పెట్టాడు, దాన్నే మనం తెలుగులో కీలక జాతి అంటున్నాం. కమాను కట్టేటప్పుడు నడినెత్తిన పెట్టే రాయి మిగతా రాళ్ళకన్నా పెద్దదేమీ కాదు, దాన్ని లాగేస్తే మాత్రం కమాను నిలవదు. ఒక మాంసాహారి ఉండటం వల్ల ఆ రాతి మీద పదిహేను కాపురాలకు చోటు దొరికింది. నేను నల్లబల్ల మీద ఇన్నేళ్ళూ గీసిన బాణం గుర్తులు ఎవరు ఎవరిని తింటారో చెప్పాయి గానీ, ఎవరు తినడం వల్ల ఇంకెవరు బతుకుతున్నారో ఒక్కసారి కూడా చెప్పలేదు. నా దగ్గర చదువుకున్నవారు ఎవరైనా ఈ సభలో ఉంటే ఆ లోటును ఈరోజు పూడ్చుకోమని కోరుతున్నాను.

చోటును ఖాళీ చేసేది ప్రాణులే కానక్కరలేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను మన ఊరిని తాకిన రోజు ఎవరమూ మరిచిపోలేదు. ఊరు సర్దుకున్న కొన్ని వారాలకు నేను ఆ రాళ్ళ దగ్గరికి వెళ్ళినప్పుడు, అల దెబ్బకు దొర్లిన బండలు కొన్ని పూర్తిగా ఒట్టిపోయి, కడిగిన పళ్ళెంలా కనిపించాయి. ఆ తర్వాత నెలల్లో మొదట పల్చని పచ్చనాచు పట్టింది, దాన్ని మేయడానికి నత్తలు, లింపెట్లు వచ్చాయి, అవి మేసి శుభ్రం చేసిన సందుల్లో బార్నకిల్ పిల్లలు ఆవగింజల్లా దిగాయి. లింపెట్ అంటే రాతికి బోర్లించిన చిన్న గొడుగులాంటి పెంకున్న ప్రాణి. కొన్ని జాతుల లింపెట్లు నీరున్నప్పుడు మేతకు వెళ్ళి, పాటు సమయానికి మళ్ళీ తమ పెంకు అంచుకు సరిగ్గా సరిపోయేలా అరగదీసుకున్న అదే మచ్చ మీదికి చేరుకుంటాయి. తుఫాను పాతవారిని తుడిచిపెట్టింది, కానీ ఆ తుడిచిన చోటే బలమైనవాటితో పోటీపడలేని ప్రాణులకు కొంతకాలం దక్కిన అవకాశం. తుఫానును పొగడటానికి ఈ మాట చెప్పడం లేదు; ఆ రోజుల్లో మనుషులు పడ్డ బాధ చూసినవాణ్ణే నేను.

ఇక మన హార్బరులోనే జరిగిన ఒక సంగతి చెప్పాలి. 1967లో విశాఖ హార్బరులో మసెల్‌ను పోలిన ఒక కొత్త చిప్ప కనిపించింది. దాని పుట్టిల్లు అట్లాంటిక్ మహాసముద్రపు ఉష్ణప్రాంతం, కరీబియన్ వైపు. భారతదేశంలో దాన్ని మొదట గుర్తించింది ఇక్కడే, ఆంధ్ర విశ్వవిద్యాలయ జంతుశాస్త్ర పరిశోధకులు దాన్ని వర్ణించి లోకానికి తెలియజేశారు. ఓడల అడుగున అంటుకుని వచ్చిందని భావిస్తారు. వేలిగోరంత ఉండే ఈ ప్రాణి ఉప్పు తగ్గినా, ప్రాణవాయువు తగ్గినా, నీరు మురికైనా ఓర్చుకుంటుంది, త్వరగా పిల్లలు పెడుతుంది, ఒకదాని మీద ఒకటి ఎక్కి దట్టమైన పొరగా పేరుకుంటుంది. హార్బరు నీరు మనవల్ల పాడైనకొద్దీ అక్కడి పాత కాపురస్తులు తప్పుకున్నారు, అలా ఖాళీ అయిన చోటు దీనికి దక్కింది. ఒక కొత్త ప్రాణి ఎక్కడైనా విరగబడి పెరిగిందంటే దాని బలం గురించే మనం మాట్లాడుతాం. దానికి చోటిచ్చిన మన పని గురించి కూడా అంతే నిజాయితీగా మాట్లాడాలి.

ఇప్పుడు నీటి గుంటల దగ్గరికి వద్దాం. పాటు వేళ రాళ్ళ మధ్య నిలిచిన ఆ గుంటల్లో నీరు మధ్యాహ్నానికి వేడెక్కుతుంది, ఎండ ఎక్కువైతే ఉప్పు చిక్కబడుతుంది, వాన పడితే పలచబడుతుంది, రాత్రివేళ ప్రాణవాయువు తగ్గుతుంది. అంత ఇబ్బందిలోనూ అక్కడ ఇరుగుపొరుగు సాయం నడుస్తుంది. జోయాంథిడ్ల ఒంట్లో సూక్ష్మమైన నాచు కణాలు కాపురముంటాయి. అవి ఎండతో తయారుచేసిన ఆహారంలో వాటా ఇస్తాయి, బదులుగా రక్షణ, ఎరువు పొందుతాయి. సన్యాసి పీత సంగతి మరీ విచిత్రం. దాని వెనుక భాగం మెత్తన, సొంత పెంకు లేదు, చనిపోయిన నత్త విడిచిన శంఖమే దానికి ఇల్లు. ఒళ్ళు పెరిగినకొద్దీ ఇల్లు మార్చాలి. మంచి పెద్ద శంఖం ఒకటి దొరికితే చుట్టుపక్కల పీతలు పరిమాణం వారీగా వరుసకట్టి, పెద్దది ఖాళీ చేసిన ఇంట్లోకి దాని తర్వాతిది, అది ఖాళీ చేసిన దాంట్లోకి దాని తర్వాతిది మారడం శాస్త్రవేత్తలు చాలాచోట్ల చూశారు. ఒక నత్త బతికి, చచ్చి, శంఖం మిగిల్చితే ఇన్ని ఇళ్ళు మారతాయి. బీచ్ రోడ్డు మీద గవ్వల బొమ్మలు, శంఖాల దండలు కొనేటప్పుడు ఈ వరుసను ఒకసారి తలుచుకోండి. కొన్ని జాతుల శంఖాలకు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ కూడా ఉంది.

ఇక్కడ నా తప్పొకటి చెప్పుకోవాలి. డిగ్రీ చదివే రోజుల్లో నమూనాల కోసం మేము కొందరం ఈ రాళ్ళ దగ్గరికే వచ్చాం. చేతికందిన రాయినల్లా తిరగేసి, కావలసినవి సీసాల్లో వేసుకుని, రాళ్ళను వెల్లకిలానే వదిలేసి వెళుతున్నాం. అప్పుడు ఒడ్డున వల బాగుచేసుకుంటున్న ఒక ముసలాయన లేచి వచ్చి, "తిప్పిన రాయిని అలా ఒగ్గీకు బాబూ, మళ్ళీ బోర్లించీ. ఆటి ఇల్లది" అన్నాడు. సరే తాతా అని తలూపి ఒకటి రెండు బోర్లించాం, మిగతావి వదిలేశాం. వారం తర్వాత వచ్చి చూస్తే ఆ వెల్లకిలా రాళ్ళ మీద, ఎండ ఎరగని అడుగుభాగంలో బతికిన మెత్తని ప్రాణులన్నీ ఎండి పొడిగా రాలాయి. పైభాగంలో ఉన్న నాచు అడుగున పడి కుళ్ళింది. ఒక్క రాయి తిప్పితే రెండు లోకాలు పోయాయి. ఏ పాఠమూ నాకు అంత తెలియజెప్పలేదు.

రాళ్ళు వదిలి ఇసుక మీదికి వస్తే లోకం మారిపోతుంది. అలలు కొట్టే ఇసుకలో వేళ్ళూనుకుని మొక్క ఏదీ పెరగదు, మరి అక్కడి ప్రాణులకు తిండి ఎక్కడిది? అంతా సముద్రమే తెచ్చి పెడుతుంది. అల వెనక్కి మళ్ళేటప్పుడు కాళ్ళ కింద ఇసుక గిలిగింతలు పెట్టినట్టు కదిలితే, అక్కడ గుడ్డు ఆకారపు చిన్న పీతలు ఇసుకలో ఒళ్ళు పాతుకుని మీసాలు వలలా చాచి వెనక్కిపోయే నీటిని వడగడుతున్నాయన్నమాట. పోటుతో పైకి, పాటుతో కిందికి అవి ఇల్లు మార్చుకుంటూ ఉంటాయి. వాటిని కాస్త పైన బొరియల్లో ఉండే దెయ్యపు పీతలు వేటాడతాయి, వాటిని కాకులు, గద్దలు పట్టుకుంటాయి.

ఆ ఇసుకకే చలికాలం చివర్లో ఆలివ్ రిడ్లే తాబేళ్ళు వస్తాయి. ఋషికొండ, సాగర్‌నగర్, జోడుగుళ్ళపాలెం వైపు తీరంలో రాత్రిపూట ఒడ్డెక్కి, గుంత తవ్వి, సుమారు 100 గుడ్లు పెట్టి, ఇసుక కప్పి వెళ్ళిపోతాయి. 45 నుంచి 60 రోజుల్లో పిల్లలు వస్తాయి. ఇసుక వెచ్చగా ఉంటే ఆడవి, చల్లగా ఉంటే మగవి ఎక్కువ. అన్ని గుడ్లూ బతకాలన్న నియమం ప్రకృతిలో లేదు. దెయ్యపు పీతలూ పక్షులూ కొన్ని తింటాయి, పొదగని గుడ్లు ఇసుకలో కలిసి ఒడ్డున పాకే తీగలకు ఎరువవుతాయి. వంద పెట్టడమే ఆ నష్టానికి తాబేలు చెప్పిన జవాబు. అయితే ఈ లెక్కలో మనం చేర్చిన రెండు అంకెలు తాబేలుకు తెలియనివి. ఒకటి, మనం బీచ్‌లో పారేసే తిండితో పెరిగిన కుక్కలూ కాకులూ. వేటకు దొరికేదాన్నిబట్టి వేటాడేవాటి సంఖ్య తగ్గి పెరగడం సహజం. వీటికి మాత్రం గుడ్లు దొరకని నెలల్లోనూ మన ఎంగిలి దొరుకుతుంది కాబట్టి సంఖ్య తగ్గదు, సీజను రాగానే గుడ్ల మీద పడతాయి. రెండు, వెలుతురు. పిల్లలు చీకట్లో కాస్త వెలుగ్గా కనిపించే సముద్రపు అంచు వైపు నడుస్తాయి, రోడ్డు దీపాలు అంతకన్నా వెలుగ్గా ఉంటే అటు తిరుగుతాయి. అటవీ శాఖవారు గుడ్లను సేకరించి కంచె వేసిన చోట పొదిగించి పిల్లలను వదలడం ఎంతో మంచి పని. ఆ పని అవసరం లేని తీరాన్ని కూడా మనం ఊహించుకోగలగాలి.

వీటన్నిటికీ వెనుక సముద్రపు లోతు ఉంది. 1950 దశకంలో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చి పనిచేసిన సముద్ర శాస్త్రవేత్త ఇ.సి. లఫాండ్ మన తీరంలో గమనించిన విషయం ఇది: వానాకాలానికి ముందు నెలల్లో నైరుతి నుంచి గాలి తీరం వెంబడి వీచినప్పుడు పైనీరు ఒడ్డుకు దూరంగా జరిగి, దాని చోటును నింపడానికి లోతులోని చల్లని, పోషకాలు నిండిన నీరు పైకి వస్తుంది. ఆ నీటితో వృక్షప్లవకాలు (నీటిలో తేలే సూక్ష్మమైన నాచు), వాటితో జంతుప్లవకాలు (నీటిలో తేలే చిన్న జంతువులు), వాటితో కవ్వలు, కానాగంతలు, వాటి వెంట వంజరం, సొర పెరుగుతాయి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల వేట నిషేధం చేపలు పిల్లలు పెట్టుకోవడానికి వదిలిన సమయం. ఆ రెండు నెలలూ ఇల్లు ఎలా గడుస్తుందన్న బెంగతో ఉండే కుటుంబాలు ఈ సభలోనే ఉన్నాయి. సముద్రం కోసం ఊరందరి తరఫున వారు మోస్తున్న బరువది, మిగతా ఊరు దాన్ని గుర్తించి పంచుకోవాలన్నది నా గట్టి అభిప్రాయం.

చివరగా, వెళ్ళి చూడాలనుకునేవారికి కొన్ని సూచనలు. అమావాస్య గానీ పౌర్ణమి గానీ దాటిన మరుసటి రోజును ఎంచుకుని, పాటు వేళ ఎప్పుడో ముందుగా తెలుసుకుని, నీరు పూర్తిగా దిగడానికి గంట ముందు చేరుకోండి. నాచు పట్టిన రాయి మీద, జోయాంథిడ్ల మీద కాలు పెట్టకండి. ఒకటి మీకు ప్రమాదం, మరొకటి వాటికి. రాయి తిప్పితే నెమ్మదిగా తిప్పి, చూసి, ఎలా ఉందో అలాగే బోర్లించండి. శంఖం ఖాళీగా కనిపించినా జేబులో వేసుకోకండి. బార్నకిల్స్ ఉన్న ఒక నీటి గుంట దగ్గర ఐదు నిమిషాలు కదలకుండా కూర్చుంటే, మూతలు తెరుచుకుని ఈకల్లాంటి కాళ్ళు బయటికి వచ్చి నీటిని దువ్వడం మొదలుపెడతాయి. నీడ పడితే ఏదో పక్షి వచ్చిందనుకున్నట్టు ఒక్కసారిగా లోపలికి ముడుచుకుంటాయి. అందుచేత సూర్యుడు మీ వీపు వెనుక ఉంటే గుంటకు అవతలి వైపుకు వెళ్ళి కూర్చోండి.